ఆమెన్ దాకా ఆగిన ట్రే

1948 సెప్టెంబరు పదిహేడు, శుక్రవారం సాయంత్రం మా తమ్ముడు యేసురాజు తప్పిపోయాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి తప్పిపోయాడని చెప్పడం వింతగానే ఉంటుంది. ఠాణాలో రిపోర్టు రాసుకున్న మున్షీ కూడా తలెత్తి నా వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు మాటలు నేర్పుతున్నాను. ఆ రోజు నాకు దొరికిన మాట అదొక్కటే.

ఆ సాయంత్రం ఎక్కడున్నావని ఊళ్ళో ఎవరినడిగినా రేడియో దగ్గరని చెబుతారు. నిజాం సైన్యం కాల్పులు ఆపేసిందన్న వార్త వచ్చిన రోజు అది. యేసురాజు కూడా రేడియో ఉన్న చోటికే వెళ్ళాడు, స్టేషను ఎదుటి సందులోని గుల్‌నార్ కేఫ్‌కి. "మన చర్చికొచ్చే ఆయనొకాయన రమ్మన్నాడు అన్నయ్యా. టీ తాగి వస్తా" అన్నాడు. ఆయన పేరు నేను అడగలేదు.

యేసురాజు రైల్వే తంతి ఆఫీసులో గుమాస్తా. ముందు రోజు రాత్రి అన్నం దగ్గర నాకొక సంగతి చెప్పాడు. జూలై అల్లర్లలో తగలబడిపోయాయని ఒక కంట్రాక్టరు రాసిచ్చిన ఆరు పెట్రోలు వ్యాగన్లు నిజానికి తగలబడలేదు. మరో స్టేషనుకు క్షేమంగా చేరాయి. చేరినట్టు వచ్చిన తంతిని తన చేత్తోనే రాసుకున్నాడు. ఆ కాగితాన్ని తన చర్చి పాటల పుస్తకంలో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఎవరికివ్వాలో తేలక.

సరిగ్గా తొమ్మిది వారాల తర్వాత, మళ్ళీ ఒక శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు నేనూ జకర్యా ఆ కేఫ్‌లో మూడో క్యాబిన్ ముందు నిలబడ్డాం. జకర్యా నాతో చదువుకున్నాడు. మద్రాసు పోలీసులో పదిహేనేళ్ళు పనిచేసి, మానేసి, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటున్న డిటెక్టివ్. మా ఎదురుగా చేతులకు బేడీలతో పీర్ మహమ్మద్ ఉన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ కేఫ్‌లో టీలందించిన మనిషి. యేసురాజును చంపి మాయం చేశాడన్నది ఆయన మీద మోపిన నేరం.

"ఒక గంట," అన్నాడు జమేదార్ బిక్షం, బేడీల గొలుసు చివర పట్టుకుని. "ఐదు గొట్టంగనె తీస్కపోత. రేపు పొద్దుగాల జైలు బండి ఎక్కిచ్చుడే. ఆడికెళ్ళి స్పెషల్ కోర్టు. అటెన్క ఎవ్వలేం జెయ్యలేరు సార్."

పీర్ మహమ్మద్ విడుదలైనంత మాత్రాన మా తమ్ముడు ఇంటికి రాడు. అది తెలిసే వచ్చాను. కాని ఈయనే చంపాడని ఒప్పుకుంటే నేను వెతకడం మానెయ్యాలి. నాకది చేతకాలేదు.

"మొదటినుంచీ చెప్పు పీర్ భాయ్," అన్నాడు జకర్యా. "మీ చిన్న సార్, యేసురాజు, ఎన్నింటికొచ్చాడు?"

"ఐదు కావొస్తుండె. రేడియో ముంగట జనం కిక్కిరిసి ఉన్నరు. చిన్న సార్ సక్కగ ఈ క్యాబిన్లకే వొయ్యిండు. లోపట ఇంకొకాయన ముందుగాలనే వచ్చి కూసున్నడు."

"ఆయన మొహం?"

"సూడలే. గీ చెక్కగోడ పక్కకు కూసున్నడు. పరదా సందుల నాకు చిన్న సారే కనవడుతుండె. రెండు చాయ్, బిస్కెట్లు జెప్పిండు. నేను తెచ్చేసరికి ఐదుంబావు. చిన్న సార్ కండ్లు మూసుకోని దువా జేస్తుండు."

"అప్పుడు నువ్వేం చేశావు?"

పీర్ మహమ్మద్ నావైపు చూశాడు. "మీకెర్కనే గద సార్. మీ అన్నదమ్ములు వస్తే నేనెన్నడన్న దువా నడ్మ కప్పు పెట్టిన్నా? పరదా బయట ట్రే పట్టుకోని నిలవడ్త. ఆమెన్ అన్నంక పెడ్త. కప్పు చప్పుడైతదని."

నాకు తెలియదు. పన్నెండేళ్ళు అక్కడ టీ తాగాను. కళ్ళు తెరిచేసరికి కప్పు వచ్చేది. అది సరిగ్గా అప్పుడే వస్తుందనుకునేవాణ్ణి. పరదాకు అవతల ఒక మనిషి బరువు మోస్తూ నిలబడి ఉండేవాడని ఏనాడూ తోచలేదు.

"ఆ రోజు?" అన్నాడు జకర్యా.

"ఆ రోజు ఆమెన్ కాకముందే పరదా లోపట్నుంచి ఒక చెయ్యి వచ్చింది. తెల్ల చొక్కా చెయ్యి. 'ఇటిచ్చి వెళ్ళు' అని ట్రే గుంజుకుంది. నేను పక్కకు జరిగిన. ఐదు నిమిషాలకు ఆయన సందు వైపు తలుపుల పడి వొయ్యిండు, ఈపు ఒక్కటే సూసిన. ఇంకో రెండు నిమిషాలకు చిన్న సార్ బయటికి ఉరికిండు. టోపీ లేదు. పుస్తకం కింద పడ్డది, సూసుకోలే. పారిపొయ్యేటోని లెక్క కాదు సార్, పోయినదాన్ని దేవులాడుకుంట ఉరికినట్టు."

 జకర్యా పరదా తీసి క్యాబిన్‌లోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

పాలరాతి బల్ల, మూడు కుర్చీలు, భుజాల ఎత్తు చెక్కగోడలు. వెనక గోడకు పెద్ద అద్దం, ముందుకు వంగి ఉంది. అందులో బల్ల పైనుంచి చూసినట్టు కనిపించింది. మేడ మీద నిలబడి కిందికి చూస్తే మన జీవితమే ఎవరిదోలా కనపడుతుంది చూడండి, అలాగ. పాలరాయి మీద కప్పులు దించిన గుండ్రటి మరకలు ఉన్నాయి. ఏది ఏ రోజుదో చెప్పలేం. వంటింటి ఆవిరి వచ్చి అద్దం అంచులను మసక చేస్తోంది, మళ్ళీ పోతోంది. ఒక క్షణం రెండో కుర్చీలో ఎవరో ఉన్నట్టనిపించింది. నా కోటు అది. నేనే అక్కడ వేశాను.

"ఈ అద్దం ఎందుకు వంగి ఉంది?" అని జకర్యా గట్టిగా అడిగాడు.

కౌంటరు దగ్గర్నుంచి యజమాని ఆగా సాహెబ్ జవాబిచ్చాడు. ఇరాన్‌లో పుట్టి ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న ముసలాయన. "మాటిమాటికీ పరదా తీస్తే గిరాకీకి తక్లీఫ్ కదా బాబా. బేసిన్ దగ్గర నిలబడి చూస్తే కప్పు ఖాలీ అయిందా లేదా కనబడాలి. అందుకు వంచిన."

జకర్యా చేతులు కడుక్కునే బేసిన్ దాకా నడిచి, అక్కడ అర నిమిషం నిలబడి తిరిగొచ్చాడు. 

నాలుగున్నరకు పేతురు వచ్చాడు.

పేతురు గుంటూరు వైపు మనిషి. మండిపోయిన వ్యాగన్ల మీద బీమా కంపెనీ తరఫున విచారిస్తున్నానని చెప్పుకునే ప్రైవేటు డిటెక్టివ్. జకర్యాతో పాటే మద్రాసు పోలీసులో చేసినవాడు. ఆగస్టు నుంచి మా చర్చికి వస్తున్నాడు. మంచి గొంతు. యేసురాజు పోయాక ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, మా అమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకునేవాడు. పీర్ మహమ్మద్‌ను పట్టించింది కూడా ఆయనే. అందుకు నేను ఆయనకు కృతజ్ఞతలు చెప్పాను. అప్పట్లో.

"ఏం జకర్యా గారూ, తొమ్మిది వారాల తర్వాత టీ మరకలు చూస్తున్నారా?" అంటూ నవ్వుతూ లోపలికొచ్చాడు.

"చూస్తున్నాను. నువ్వు రెండ్రోజుల్లోనే కేసు తేల్చేశావు కదా, నాకు మరకలే మిగిలాయి."

"తేలిపోయిందాన్ని తేల్చడానికి ఎన్నాళ్ళు కావాలండీ? కుర్రాడు ఆఖరిసారి కనపడింది ఇక్కడ. కాగితం పెట్టుకున్న పుస్తకం దొరికింది ఇతని దగ్గర. అదీ ఎక్కడ? వంటింట్లో అందరికంటే ఎత్తు అలమర మీద. ఎలాగ? తెల్లగుడ్డలో మూడు చుట్లు చుట్టి. కాగితం లేదు. దొరికిన వస్తువును నిజాయితీపరుడెవడైనా కౌంటరు దగ్గర పెడతాడు. గుడ్డలో చుట్టి అటకెక్కించడాన్ని మా వైపు దాచడం అంటారు మాస్టారూ."

"దాసివెట్టుడా?" పీర్ మహమ్మద్ గొంతు పెరిగింది. "దేవుని పుస్తకం కాళ్ళల్ల పడ్డది. తుడిసి పైన పెట్టిన. ఏడ పెట్టమంటవ్, ఉల్లిగడ్డల బుట్టలనా?"

"చూశారా, పొగరు."

"జమేదార్ సాబ్," అన్నాడు జకర్యా, "జెర స్టూలెక్కి ఆ అలమర మీద ఇప్పుడేముందో చూస్తారా?"

బిక్షం గొలుసు నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళాడు. మూడు అడుగుల ఇనుప గొలుసు. అంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు. గుమ్మంలోంచి ఆయన స్టూలెక్కడం కనిపించింది. "ఇంకోటి గుడ్డల మూట ఉన్నది," అంటూ చెయ్యి చాపాడు.

"ఓ జమేదార్!" పీర్ మహమ్మద్, ఆగా సాహెబ్ ఇద్దరూ ఒక్కసారే అరిచారు. పీర్ మహమ్మద్ చెప్పాడు: "చేతులు గడుక్కోని ముట్టు. ఆగా సాబ్ ఖురాన్ అది."

బిక్షం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్టూలు మీంచే మూటకేసి చూశాడు. "గదే తీరు గుడ్డ," అన్నాడు. "గదే తీరు ముడి."

"మనం చర్చివాళ్ళం పాటల పుస్తకం జేబులో పెట్టుకు తిరుగుతాం, కుర్చీలో పడేస్తాం," అన్నాడు జకర్యా. "ఇతని ఇంట్లో దేవుడి పుస్తకమంటే గుడ్డలో చుడతారు, ఇంట్లో అన్నిటికంటే ఎత్తులో పెడతారు. తన దేవుడి పుస్తకం ఎక్కడుంటుందో యేసురాజు పుస్తకాన్నీ అక్కడే పెట్టాడు. అందులో ఉన్నవి పాటలని కూడా ఇతనికి తెలియదు. నువ్వు దాన్ని దొంగతనం అని రాయించావు పేతురూ."

పేతురు నవ్వు తగ్గలేదు. "బావుంది. కోర్టులో చెప్పండి. కాగితం ఏమైందంటే మాత్రం ఏం చెబుతారు?"

"దాని సంగతి వేరే." జకర్యా బల్ల మీది పుస్తకాన్ని తీసుకున్నాడు. సాక్ష్యంగా బిక్షం ఠాణా నుంచి తెచ్చిన పుస్తకం. "దేవసహాయం, ఈ ఖాకీ అట్ట ఎవరు వేశారు?"

"నేనే," అన్నాను. "జూన్‌లో. బడి తెరిచినప్పుడు పిల్లల పుస్తకాలతో పాటు."

జకర్యా గోటితో అట్ట అంచు కొంచెం లేపి, లోపలికి చూసి, వెంటనే మూసేశాడు. "నువ్వొక సంగతి మర్చిపోయావు పేతురూ. తంతి గుమాస్తా కార్బన్ లేకుండా ఒక్క ముక్కా రాయడు. లోపల మడత కాగితం ఉంది. ఇక్కడ విప్పితే చిరుగుతుంది. ఠాణాలో, పంచ సాక్షుల ముందు విప్పుదాం." పుస్తకాన్ని బల్ల మధ్యలో పెట్టాడు. "ఈలోగా టీ తాగుదాం. పీర్ భాయ్, చివరిసారిగా నువ్వే తెచ్చిపెట్టు. జమేదార్ సాబ్, బేడీ ఒక్క చేతికుంచి మీరు తన వెంట ఉండండి. నేను చేతులు కడుక్కొస్తాను."

పరదా పడింది. క్యాబిన్‌లో పేతురూ నేనూ మిగిలాం. పేతురు చెక్కగోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మీ మిత్రుడు మంచివాడే మాస్టారూ," అన్నాడు మెల్లగా. "కాని మీకు లేనిపోని ఆశలు పెడుతున్నాడు. అమ్మగారికి ఇప్పుడివేవీ చెప్పకండి. తట్టుకోలేరు."

నేను తలూపాను. పరదా అవతల కప్పులు కదిలిన చప్పుడైంది, ఆగిపోయింది. ట్రే వచ్చి నిలబడిందని నాకిప్పుడు తెలుసు. చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను.

మా ఇంట్లో భోజనం ముందు చేసే ప్రార్థన చిన్నది. నాన్న నేర్పాడు. యేసురాజు దాన్ని కొంచెం తొందరగా ముగించేవాడు, ఆకలికి. ఆ తొందర నాకు వినిపించింది. బల్ల అవతల తమ్ముడు కూర్చున్నాడనిపించింది. రేడియో గరగర, టీ వాసన, సెప్టెంబరు ఎండ. కళ్ళు తెరవకుండా ఉన్నంతసేపూ వాడు అక్కడే ఉంటాడు. అందుకని ఆలస్యం చేశాను.

"ఇటిచ్చి వెళ్ళు," అన్న గొంతు వినపడింది. ట్రే చేతులు మారిన చప్పుడు. ఆ వెంటనే, కాగితం గరుకుగా జారిన చప్పుడు. బడిలో పదివేలసార్లు విన్న చప్పుడది, అట్ట కాగితంలోంచి ఏదో లాగినప్పుడు వచ్చేది.

నేను కళ్ళు తెరవలేదు. ప్రార్థన మధ్యలో ఉన్నాను.

"జమేదార్ సాబ్!" బేసిన్ వైపు నుంచి జకర్యా గొంతు. "కుడి చెయ్యి. చొక్కా లోపలికి పోకముందే పట్టుకోండి!"

కుర్చీ పడిపోయింది. కప్పు ఒకటి పగిలింది. కళ్ళు తెరిచేసరికి పేతురు మణికట్టు బిక్షం చేతిలో ఉంది. ఆ వేళ్ళ మధ్య మడిచిన తెల్లకాగితం ఉంది. బిక్షం వెనక, ఖాళీ చేతులతో పీర్ మహమ్మద్ నిలబడి ఉన్నాడు.

"గదే చెయ్యి," అన్నాడు. "గదే మాట. ఆమెన్ కాకముందు."

"వెయ్యి చేతులుంటాయి తెల్ల చొక్కాలో," అన్నాడు పేతురు.

"ఉంటాయి." జకర్యా లోపలికొచ్చి పడిపోయిన కుర్చీ నిలబెట్టాడు. "అందుకే ఇతని మాటొక్కటే చాలదని అద్దంలో నేనూ చూశాను. నాలుగూ నలభై ఏడుకు అట్టలోంచి తీశావు. ముందు ట్రే లాక్కుని ఇతన్ని పంపేశావు. అంత తొందరగా టీ కావలసినవాడివి ఒక్క గుక్కా తాగలేదు. నీకు టీ అక్కర్లేదు, పరదా సందు దగ్గర నిలబడే రెండు కళ్ళు అక్కర్లేదు. సెప్టెంబరులోనూ అంతే. కళ్ళు మూసుకున్న మనిషి ముందు నువ్వు కళ్ళు తెరుచుకున్నావు."

బిక్షం కాగితం విప్పాడు. ఖాళీగా ఉంది. "గిండ్ల ఏం లేదు కదా?"

"ఇందాక అట్ట అంచు లేపినప్పుడు నేను దూర్చింది అదే. కార్బన్ నకలు లేదు, ఏం లేదు," అన్నాడు జకర్యా. తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీకు ముందు చెప్పలేదు. చెబితే నువ్వు ప్రార్థన చెయ్యవు, నటిస్తావు. నీకు నటించడం రాదు."

కోపం రావాలి. రాలేదు.

"బీమా కంపెనీయా, ఆ వ్యాగన్ల కంట్రాక్టరా నీకు జీతమిచ్చేది?" అని జకర్యా అడిగాడు.

పేతురు సందు వైపు తలుపు కేసి చూశాడు. బిక్షం పీర్ మహమ్మద్ చేతికున్న బేడీ విప్పి, ఆ ఇనుమునే పేతురు చేతికి తగిలించాడు. తాళం తిప్పుతూ పీర్ మహమ్మద్‌తో అన్నాడు: "ఠాణాకు వచ్చి ఒక దస్తఖత్ వెట్టాలె. రేపటి బండి లేదు నీకు. పరేషాన్ గాకు."

పీర్ మహమ్మద్ మణికట్టు రుద్దుకున్నాడు. కాసేపటికి వంగి, పగిలిన కప్పు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"పేతురు గారూ," అన్నాను. అదొక్కటే నేను అడగదలుచుకున్నది. "మా తమ్ముడు ఎక్కడ?"

ఆయన నన్ను చూశాడు. ఆదివారాలు మా అమ్మను చూసిన చూపే. నిజంగా జాలిపడినట్టే ఉంది. అది నన్ను భయపెట్టింది.

"నేను ఆయన్ని ముట్టుకోలేదు మాస్టారూ. ప్రమాణం చేస్తాను. కాగితం పోయిందని తెలిసి నా వెనకే పరుగెత్తుకొచ్చాడు. కార్ఖానా రోడ్డు దాకా వచ్చాడు, పేరు పెట్టి పిలుస్తూ. అక్కడ కాగితం కోసం లారీ ఒకటి ఆగి ఉంది. నేను కాగితం ఇచ్చేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాను. ఆరింటికి అటూ ఇటూగా వెనక్కి తిరిగి చూస్తే, మీ తమ్ముడు లారీ మెట్టు మీద నిలబడి వాళ్ళతో వాదిస్తున్నాడు. బతికే ఉన్నాడు. ఆ తర్వాత లారీ కదిలింది."

"లారీ ఎవరిది?" అన్నాడు జకర్యా.

"అది నన్నడక్కండి." పేతురు గొంతు మారింది. "నేను దొరికానని వాళ్ళకు రేపటికల్లా తెలుస్తుంది. మాస్టారూ, మీ అమ్మగారిని కొన్నాళ్ళు ఊళ్ళో ఉంచకండి. మీ ఇంటికి దారి వాళ్ళకు తెలుసు. నేనే చూపించాను."

బిక్షం ఆయన్ని తీసుకెళ్ళాడు. సందు వైపు తలుపు కొట్టుకుని ఆగింది. కౌంటరు మీది గడియారం ఐదు కొట్టింది.

జకర్యా టోపీ పెట్టుకున్నాడు. "నేను ఠాణాకి వెళ్ళి దగ్గరుండి వాంగ్మూలం రాయిస్తాను. అమ్మను ఈ రాత్రే మా అక్క ఇంటికి చేరుద్దాం, బన్సీలాల్‌పేట. పది నిమిషాలు కూర్చో. ఒక్కడివే వీధిలోకి వెళ్ళొద్దు."

జకర్యా వెళ్ళాక క్యాబిన్‌లో నేనొక్కణ్ణే మిగిలాను. వంగిన అద్దంలో బల్ల, పుస్తకం, అట్ట చిరిగిన చోట బయటపడ్డ నల్లటి బైండు. అట్ట మళ్ళీ వెయ్యాలి.

పరదా అవతల అడుగులు ఆగాయి. "చాయ్ తెచ్చిన సార్," అని పీర్ మహమ్మద్ మెల్లగా అన్నాడు. లోపలికి రాలేదు.

కళ్ళు మూసుకున్నాను. నాన్న నేర్పిన మాటలే, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. చివరి మాట దగ్గర ఆగిపోయాను. లారీ మెట్టు మీద నిలబడిన తమ్ముడు కనిపించాడు. టోపీ లేదు. ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. అవతల ట్రేలో కప్పు సాసరుకు తగిలి చిన్నగా మోగింది. పీర్ మహమ్మద్ దాన్ని వేలితో ఆపి ఉంటాడు, మళ్ళీ మోగలేదు. టీ చల్లారుతోంది. ఆయన కదలలేదు.

లారీ ఎవరిదో తెలియలేదు. యేసురాజు ఇంటికి రాలేదు. నేను ఇంకా ఆమెన్ అనలేదు.